రికార్డుకెక్కిన మాట

నగరసభలో ఎవరేం మాట్లాడినా పొల్లు పోకుండా రాసే ఒకావిడ ఉండేది. అందరూ రిపోర్టరమ్మ అనేవాళ్ళు. వేదిక కింద చిన్న బల్ల, చెక్కిన పెన్సిళ్ళు, ఒక షార్ట్‌హ్యాండ్ పుస్తకం, అంతే ఆవిడ సామ్రాజ్యం. ఇరవై ఎనిమిదేళ్ళలో తలెత్తి మాట్లాడేవాళ్ళ మొహం చూసింది చాలా తక్కువ. మొహం చూస్తే చెయ్యి వెనకబడుతుందని ఆవిడ నమ్మకం. సభ్యులు తిట్టుకున్నా, కునుకు తీసి ఉలిక్కిపడి లేచి "బలపరుస్తున్నాను" అన్నా, అన్నీ ఆ పుస్తకంలోకి ఎక్కాల్సిందే.

ఆ సోమవారం ఇళ్ళ కేటాయింపు మీద చర్చ జరుగుతోంది. సభానాయకుడు లేచాడు. ఆయన అరిచే మనిషి కాదు. పక్కింటి పెద్దాయన క్షేమసమాచారాలు అడిగినట్టు మెత్తగా మాట్లాడతాడు.

"మన గోడలు పైకి బాగానే కనిపిస్తాయి. వేలు పెట్టి నొక్కి చూడండి, లోపలంతా డొల్ల. చెద పట్టింది. రేవు వైపు నుంచి పాకుతోంది. నేనెవర్నీ పేరు పెట్టి అనడం లేదు సుమండీ."

సభ గొల్లున నవ్వింది.

రేవు వాళ్ళంటే తాతల కాలంలో ఓడల మీద పనికొచ్చి, రేవు పక్కనే స్థిరపడిపోయిన జనం. నల్లటి ఒళ్ళు, చిక్కటి ఉంగరాల జుట్టు. మూడు తరాలు గడిచినా "మీరెప్పుడొచ్చారు?" అని అడిగించుకుంటూనే ఉన్నారు. రిపోర్టరమ్మ కోడలు ఆ రేవు పిల్లే.

పెన్సిలు ఆగలేదు. మాట మాటలాగే పుస్తకంలోకి దిగింది. కాని ఆవిడ తలెత్తి చూసింది. ఆయన తాపీగా మంచినీళ్ళు తాగుతున్నాడు.

సాయంత్రం రికార్డు టైపు చేసి సంతకం పెట్టే వేళకి సూపరింటెండెంటు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, ఆ ఒక్క ముక్కా దిద్దేద్దాం. 'చెద' బదులు 'సమస్య' అందాం. 'పాకుతోంది' బదులు 'ఎక్కువగా ఉంది' అంటే సరిపోతుంది. పైనుంచి చెప్పారు."

"ఆయన అన్నది అది కాదు కదండీ."

"ఎన్ని తప్పులు దిద్దలేదు మీరు? అయినా, అచ్చులో లేకపోతే అందరికీ మంచిదే. రేపు మీ కోడలే చదువుతుందనుకోండి. ఆ పిల్ల మనసు నొచ్చుకోదూ?"

అక్కడ మెత్తబడిందావిడ. కోడలి కంట పడకుండా ఆ మాటని తానే తుడిచేస్తున్నాననుకుంది. మాట మార్చింది, సంతకం పెట్టింది. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ చేసింది మంచిపనేనని తనకు తానే చెప్పుకుంది.

పది రోజులు తిరక్కుండా నగరసభ "ఈ ఊరు అందరిదీ" అని వివక్ష వ్యతిరేక వారోత్సవం ప్రకటించింది. పోస్టరు మీదికి నవ్వుమొహం కావాల్సొచ్చింది. కోడలు సిటీ బస్సు డ్రైవరు, నవ్వితే చెంప మీద సొట్ట పడుతుంది. ఆ పిల్లనే ఎంచుకున్నారు. దగ్గరగా మొహం ఫోటో తీసి, పెద్దది చేసి బస్సుల పక్కలకి అంటించారు. సభానాయకుడే వచ్చి రిబ్బను కత్తిరించి, "నీలాంటి వాళ్ళు మాకు గర్వకారణమమ్మా," అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు ఆయన గొంతు అనుకరించి నవ్వించింది. "అత్తయ్యా, ఆ బస్సు మీద నా ముక్కు కిటికీ అంత ఉంది తెలుసా?"

"ఇంట్లో ఒక్కత్తితోనే వేగలేక చస్తుంటే, ఇప్పుడు ఊరంతా నువ్వే," అన్నాడు కొడుకు.

రిపోర్టరమ్మ కూడా నవ్వింది.

రికార్డులో లేని మాట వీధిలోకి వచ్చేసింది. కిరాణా కొట్లో ఒకడు "చెదమందుందా?" అని అడిగాడు. కొట్టువాడు సామాను కట్టించుకుంటున్న రేవు ముసలాయన వంక ఓరగా చూసి, "దానికి గిరాకీ ఎక్కువైపోయిందండీ," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. పక్కనే నిలబడ్డ రిపోర్టరమ్మ అడగడానికొచ్చిన సబ్బు అడక్కుండానే వచ్చేసింది.

వారం లోపల బస్సుల మీది ఫోటోల్లో కళ్ళు పోయాయి. ఎవరో మేకుతో గీకారు. ఒకటి రెండు కాదు, డిపోలో ఉన్న అన్ని బస్సులకీ. మొహంలో తక్కిన భాగం జోలికి పోలేదు. ఆ సొట్ట, ఆ నవ్వు అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత కోడలి బస్సులోకి ఒకతను రావడం మొదలెట్టాడు. బూడిదరంగు కోటు, శుభ్రంగా గీసుకున్న గడ్డం. మొదటి స్టాపులో ఎక్కి సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటాడు, ఆఖరి స్టాపులో దిగుతాడు. పల్లెత్తు మాట అనడు. రోజూ అంతే.

"ఊరికే కూర్చుంటే కంప్లైంటు ఏమని రాయను?" అన్నాడు డిపో మేనేజరు. "టిక్కెట్టు కొంటున్నాడుగా."

"మెడ మీద ఊపిరి తగులుతుంది అత్తయ్యా," అంది కోడలు. "అద్దంలో చూస్తే నన్నే చూస్తుంటాడు. ఏమన్నా అంటే బాగుండును."

ఈలోగా రేవు బడిలో పనిచేసే పంతులమ్మ ఒకావిడ సభానాయకుడి మాట మీద నగరసభ వేసిన వివక్ష నిరోధక కమిటీకి ఫిర్యాదు పెట్టింది. జవాబు వచ్చింది. దాని నకలు రేవులో చేతులు మారి కోడలి చేతికొచ్చింది. ఆ పిల్ల భోజనాల బల్ల దగ్గర కూర్చుని పైకి చదివింది.

"'ధ్రువీకరించిన సభా రికార్డులో సదరు పదం లేనందున ఫిర్యాదు నిలవదు.'" కాయితం మడిచింది. "అత్తయ్యా, ఆ రోజు మీరక్కడే ఉన్నారుగా. అన్నాడా, అనలేదా?"

"అన్నాడు."

"మరి రికార్డులో లేదంటున్నారే?"

రిపోర్టరమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "మార్చింది నేనే. సంతకమూ నాదే. నువ్వు చదివి బాధపడతావని..."

కోడలు కోప్పడలేదు. కోప్పడితే ఆవిడకి ఎంతో కొంత ఊరటగా ఉండేది.

"నేను చదవక్కర్లేదు అత్తయ్యా. రోజూ వింటున్నాను," అంది. లేచి తన కంచం తీసుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడు రిపోర్టరమ్మ తన షార్ట్‌హ్యాండ్ పుస్తకం సంచిలో పెట్టుకుని పంతులమ్మ ఇంటికి వెళ్ళింది. నెల తిరిగేసరికి కమిటీ మళ్ళీ విచారణ పెట్టింది. ఆవిడ నిలబడి ఆ పేజీ చదివింది. చెద. పాకుతోంది. సుమండీతో సహా అంతా చదివింది. జీవితంలో మొదటిసారి తన గొంతు ఒక గదిలో అంత స్పష్టంగా వినపడింది.

సభానాయకుడు నొచ్చుకోలేదు. "పెద్దావిడ. కోడలంటే ప్రాణం. నేనర్థం చేసుకోగలను," అన్నాడు. పుస్తకం కమిటీలో చేతులు మారింది. అది పాతకాలం షార్ట్‌హ్యాండు, అక్కడెవరికీ చదవడం రాదు. సూపరింటెండెంటు తనకేమీ గుర్తులేదన్నాడు, చెబుతూ ఆవిడ వైపు చూడలేదు. తప్పుడు రికార్డు మీద సంతకం పెట్టానని ఆవిడే ఒప్పుకుంది కాబట్టి ఉద్యోగం నుంచి సస్పెండు చేశారు. ఫిర్యాదు సంగతి తర్వాత చూస్తామన్నారు.

తర్వాతి సభలో ఆవిడ బల్ల దగ్గర ఓ కొత్త రిపోర్టరు కూర్చుంది. సభానాయకుడు లేచి అదే మెత్తటి గొంతుతో అన్నాడు.

"చెద ఎక్కడిదాకా వచ్చిందో చూశారుగా. మన సభలోకి, మన రికార్డు పుస్తకంలోకి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బల్లలు చరిచారు. మిగతా సభ్యులు ఒకరి తర్వాత ఒకరు లేచి అదే మాట వాడారు, అదేదో ఎప్పట్నుంచో ఉన్న మాటయినట్టు. వారం తర్వాత రికార్డు అచ్చయి వచ్చింది. ఎవరూ ఏదీ దిద్దలేదు. అక్షరం పోకుండా అన్నీ ఉన్నాయి.

రిపోర్టరమ్మ అది పంతులమ్మ దగ్గరికి పట్టుకెళ్ళింది. "ఇప్పుడు అచ్చులో ఉందమ్మా. ఫిర్యాదు పెట్టు."

పంతులమ్మ పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. వీధి తలుపు మీద కొత్త రంగు ఇంకా ఆరలేదు, దాని అడుగున ఎవరో రాసిపోయిన అక్షరాలు లీలగా కనిపిస్తున్నాయి. "ఎవరికి పెట్టమంటారు?" అంది. "కమిటీ గడువు మొన్నటితో అయిపోయింది. మళ్ళీ వెయ్యరట. వారోత్సవం బాగా జరిగిందిగా, ఇంక అవసరం లేదన్నారు."

డిపోలో ఉన్న రేవు డ్రైవర్లలో సగం మంది సెలవు పెట్టేశారు. కొడుకు ఇంకో ఊళ్ళో ఇల్లు చూస్తానన్నాడు. "ఆ ఊళ్ళో సభ ఉండదా ఏంటి?" అంది కోడలు, యూనిఫారం గుండీలు పెట్టుకుంటూ. మధ్యాహ్నం డ్యూటీ.

"నేనూ డిపోదాకా వస్తాను," అంది రిపోర్టరమ్మ చెప్పులు వేసుకుంటూ.

"ఎందుకత్తయ్యా, ఎండలో."

"ఇంట్లో ఏం చెయ్యను?"

ఎండ నిలువునా కాస్తోంది. వీధిలో కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. రోజూ పలకరించే దర్జీ మిషను ఆపాడు గాని తలెత్తలేదు. మలుపు దగ్గర అయిదారుగురు మగవాళ్ళు దారికి అడ్డంగా నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. అందులో ముగ్గురు రిపోర్టరమ్మకి తెలిసినవాళ్ళే, ఒకడి పెళ్ళికి కూడా వెళ్ళింది. వీళ్ళని చూడగానే కబుర్లు ఆగిపోయాయి. ఎవరూ పక్కకి జరగలేదు.

కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. పెళ్ళయినప్పట్నుంచీ అలా పట్టుకోవడం అదే మొదలు.

"ఆగకండి అత్తయ్యా," అంది నెమ్మదిగా. "నడుస్తూనే ఉండండి."