గంట వెనక మాట

ప్రతి ఆదివారం పొద్దున పదింటికి భూమన్న బీదర్ మంగళ్‌పేటలోని శాంతరాజు ఎస్టీడీ బూతుకు వచ్చేవాడు. ఊరు నారాయణఖేడ్ దిక్కు. పని ఖటక్ చించోళి అవతల ఉన్న కంకర క్రషర్‌లో. హైదరాబాద్‌లో లేస్తున్న అద్దాల బిల్డింగులకు ఎంత కంకర పంపినా చాలని రోజులవి. అలాంటి బిల్డింగు ఒకదాంట్లోనే అతని కూతురు మౌనశ్రీ ఉద్యోగం చేసేది. భార్య పోయి చాలా ఏళ్లయింది.

ఫోన్‌లో మౌనశ్రీ వారం ముచ్చట్లన్నీ చెప్పేది. భూమన్న జవాబు చెప్పేవాడు గానీ అది ఆమెకు చేరేది కాదు. క్రషర్ మోతలో పనిచేసేవాళ్ల మాటలు ఆలస్యంగా వస్తాయి. కొత్తవాళ్లకు రెండు మూడు నిమిషాలు. పదకొండేళ్లుగా రాళ్లు నలిపే మిషన్ దవడ పక్కనే నిలబడ్డ భూమన్నకు గంట. "మంచిది నాయినా, ఉంటా" అని మౌనశ్రీ పెట్టేసేది. అతను ఉప్పూ పప్పూ కొనుక్కుని బస్సెక్కి పోయాక, ఖాళీ బూతులోంచి గొంతు వచ్చేది. "జొరం తగ్గిందా బిడ్డా? నీ తిండి నువ్వు చూస్కో." శాంతరాజు చేతిలో పేపరు పక్కన పెట్టి, అయిపోయేదాకా వినేవాడు.

శ్రావణంలో ఒక రోజు, ఇరుక్కున్న రాయి తీయబోయిన తోటి కూలీ సిద్ధప్ప చొక్కా చెయ్యి కంకర బెల్టులో చిక్కుకుంది. భూమన్న చూశాడు. అరిచాడు. గొంతు చీలినట్టు నొప్పి కూడా పుట్టింది. స్విచ్ దగ్గరి మనిషికి మాత్రం ఏమీ వినపడలేదు. భూమన్నే పరుగెత్తి స్విచ్ కొట్టాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. సిద్ధప్పను జీపులో వేసుకుని బీదర్ తీసుకుపోయారు. ఆ తర్వాత మేస్త్రి తుకారాం బెల్టు మీది నెత్తురు కడుగుతుంటే కేక వచ్చింది. "ఆపుండ్రి! సిద్ధప్ప చెయ్యి!" తుకారాం చీపురు కింద పెట్టేశాడు.

మోచేతి దాకా చెయ్యి తీసేశారని సాయంత్రానికి తెలిసింది.

బెల్టుకు ఇనుప జాలీ కట్టిద్దామని తుకారాం అడిగితే, ఇదేమీ ఫ్యాక్టరీ కాదని క్రషర్ సేటు అన్నాడు. సిద్ధప్ప ఇక పనిలో లేడు, ఇంకొకణ్ని తనే పనిలోంచి తీసేశాడు, మిగిలింది తొమ్మిది మంది. తొమ్మిది మందికి సర్కారు రూలేదీ లేదన్నాడు.

నిజంగా లేదా అని భూమన్నకు అనుమానం. ఒక సోమవారం సెలవు పెట్టి బీదర్‌లో ఆఫీసులన్నీ తిరిగాడు. ఒకరు రెండో అంతస్తుకు పొమ్మన్నారు, అక్కడివాళ్లు వెనక బిల్డింగుకు పొమ్మన్నారు. చివరికి ఒక బల్ల మీద కార్మికుల కోసం వేసిన కన్నడ పుస్తకం దొరికింది. కన్నడ అక్షరాలు తెలుగు అక్షరాలకు అక్కచెల్లెళ్లు కాబట్టి కూడబలుక్కుని చదవగలిగాడు. అర్థం మాత్రం కాలేదు. దాన్ని శాంతరాజు దగ్గరికి తెచ్చాడు. శాంతరాజు చదువంతా కన్నడ బడిలోనే.

శాంతరాజు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క లైను చదివి చెప్పాడు. తిరిగే బెల్టుకు అడ్డం ఉండాలి. మోత ఎక్కువున్న చోట చెవులకు మూతలివ్వాలి, వినికిడి పరీక్ష చేయించాలి. తొమ్మిది మందిమే గదా అని భూమన్న బిల్లు కాగితం వెనక రాసి చూపించాడు. శాంతరాజు మళ్లీ మొదటి పేజీకి పోయాడు.

"ఇగో, హన్నెరడు తింగళు అంటే పన్నెండు నెలలు. కరెంటుతోని నడిచే కాడ, ఈ పన్నెండు నెలలల్ల ఒక్క దినమన్న పదిమంది పనిచేసి ఉంటే అది ఫ్యాక్టరీనే భూమన్నా. మీరు పదకొండు మంది ఉంటిరి."

ఫిర్యాదు తను కన్నడలో రాసిస్తానన్నాడు శాంతరాజు. భూమన్న తల అడ్డంగా ఊపి, ఇంకో కాగితం మీద రాశాడు. 'ఆ దినం నా నోరు పనికి రాలే. ఈసారి నా నోటితోనే చెప్పాలె. గంట ఆలస్యమైనా ఆఫీసు యాడికి పోదు గదా.'

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ లీయా బీదర్ అమ్మాయే, ఇంట్లో తెలుగే. భూమన్న ఆమె ఎదుట కూర్చుని మొదటినుంచి చెప్పాడు. పెదవులు కదులుతున్నాయి, గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. లీయా టీ తెప్పించి, కళ్లు అతని మీదనుంచి తిప్పకుండా కూర్చుంది. అతను దండం పెట్టి బస్సుకు పోయాడు. ఆఫీసు మూసే వేళకు ఖాళీ కుర్చీలోంచి మాటలు మొదలయ్యాయి. ఆమె తలుపు దగ్గరికి వేసి, కాగితం తీసుకుని చివరిదాకా రాసుకుంది.

ఎనిమిదో రోజున లీయా క్రషర్‌కు వచ్చింది. హాజరు పుస్తకంలో పదకొండు పేర్లూ చదివింది. జాలీ కట్టేదాకా, చెవి మూతలు తెచ్చేదాకా మిషన్ నడపకూడదని రాసిచ్చింది. ఎవరు చెప్పారని సేటు అడిగితే, ఆ పేరు బయటపెట్టకూడదని కూడా రూలుందని చెప్పి పోయింది.

సేటు తొమ్మిది మందినీ వరసగా నిలబెట్టాడు. బీదర్ పోయినవాడెవడో ఇప్పుడే చెప్పాలన్నాడు. వాడి పని పోయినట్టే అన్నాడు. ఇంకొకరి మీద అనుమానం పడటం ఇష్టంలేక భూమన్న నోరు తెరిచి చెప్పేశాడు. సేటు వరసంతా చూశాడు. అందరి పెదవులూ కదిలాయి. ఎవరి మాటా రాలేదు. ఆగి వినే అలవాటు అతనికి ఎన్నడూ లేదు. జీపెక్కి పోయాడు.

మిషన్ ఆగి ఉంది. అందరూ తాటిపత్రి పట్టా కింద సద్ది విప్పారు. ముందు కొత్తవాళ్ల జవాబులు వచ్చాయి. నాకెరుక లేదు సేటు అని ఒకరిది, అదే మాట కన్నడలో గొత్తిల్ల అని ఒకరిది. తింటూనే ఎవరిది వాళ్లు విన్నారు. చాలాసేపటికి తుకారాం గొంతు వచ్చింది.

"నాకు తెల్వదు సేటు. తెలిసినా చెప్ప."

ఆ తర్వాత భూమన్నది.

"నేనే పోయిన సేటు. ఇంకొకల చెయ్యి పోవద్దని పోయిన."

ఎవరూ తలెత్తలేదు. తుకారాం తన జొన్నరొట్టె సగం తుంచి, కారం పెట్టి, భూమన్న పళ్లెంలో వేశాడు.

సాయంత్రం సేటు జాలీ చేసే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. బెల్టు పొడుగు కొలవాలి, టేపు అవతలి కొన ఎవరైనా పట్టుకోండన్నాడు. భూమన్న లేచి వెళ్లి పట్టుకున్నాడు.