అరసున్న గారి వసంత సంచిక

ఆ వారపత్రిక ఆఫీసులో ఆమెని అందరూ అరసున్న గారు అనేవారు. ప్రూఫులు దిద్దడం ఆమె పని. పందొమ్మిదేళ్ళుగా అదే మూల, అదే కుర్చీ, చేతిలో ఎర్ర పెన్సిలు. మనిషి ఉండీ లేనట్టే ఉంటుందని ఎప్పుడో ఒక సబ్ ఎడిటర్ ఆ పేరు పెట్టి, తాను రిటైరై వెళ్ళిపోయాడు. పేరు మాత్రం వెళ్ళలేదు.

ఒక సోమవారం మధ్యాహ్నం ఎడిటర్ గదిలోంచి పిలుపు వచ్చింది. ఆమె పెన్సిలు చెవిలో దోపుకుని, తిట్లకి సిద్ధపడి వెళ్ళింది. పోయిన వారం ఒక సభ వార్తలో ‘ముఖ్య అతిథి’ కాస్తా ‘ముక్కు అతిథి’ అయి అచ్చయిపోయింది. ఆయనకి నిజంగానే ముక్కు పెద్దది కావడంతో గొడవ ఇంకా చల్లారలేదు.

“కూచోండి. మన విమర్శకుడు గారికి గవదబిళ్ళలు” అన్నాడు ఎడిటర్.

“ఈ వయసులోనా?”

“మనవడు ప్రేమగా అంటించాడట. మొహం గుమ్మడికాయంత అయింది, నోరు తెరవలేకపోతున్నాడు. వసంత సంచికకి చూస్తే తొమ్మిది రోజులే ఉంది. ఈ వసంతంలో చదవాల్సిన పది కొత్త పుస్తకాలు, ఒక రచయితతో ముఖాముఖి. మీరు చెయ్యండి.”

వెనకాల ఎవరైనా వచ్చి నిలబడ్డారేమోనని ఆమె తిరిగి చూసింది.

“మిమ్మల్నేనండీ!”

“నేను తప్పులు పట్టేదాన్నండీ.”

“ఒప్పులు కూడా పట్టండి ఈసారి. ప్రతి పుస్తకం మీదా మీరు ఆ మూల కూచుని గొణిగేది ఈ గదిలోకి వినబడుతూనే ఉంటుంది. విమర్శకుడు గారి వ్యాసం కంటే అదే బాగుంటుంది. ఆయనకి చెప్పకండి.”

బీరువాలో నలభై ఒక్క పుస్తకాలు తేలాయి. రెండు గుడ్డ సంచుల్లో కుక్కుకుని బస్సెక్కింది. చేతులు పీకుతున్నాయి. రోడ్డు పక్క చెట్లకి కొత్త చిగుళ్ళు వచ్చాయన్న సంగతి ఆ రోజే చూసింది. పందొమ్మిదేళ్ళుగా ఇతరుల వాక్యాల్లో వసంతాన్ని దిద్దిందే కానీ, ఇలా తన ఒళ్ళోకి వచ్చి కూచున్నది ఎప్పుడూ లేదు. ఎవరూ చూడకుండా ఒకసారి నవ్వుకుంది. తరవాత ఎవరైనా చూస్తే ఏంటట అనుకుని ఇంకోసారి నవ్వుకుంది.

ఇంట్లో సంచులు దించగానే అత్తగారు ఎగాదిగా చూసింది. “కూరగాయలనుకున్నానే!”

“అత్తయ్యా, వీటిలో పది మంచివి నేనే ఏరాలి.”

“వంకాయలే ఏరడం రాదు నీకు” అని అత్తగారు కుర్చీ లాక్కుని దగ్గరికి వచ్చింది. “ఊఁ, చదువు. నాకు చిన్న అక్షరాలు ఆనవు. పది పేజీల్లో ఎవరూ ఏమీ చెయ్యకపోతే అది పుస్తకం కాదమ్మాయ్, దిండు. ముందే చెప్తున్నా.”

ఆ రోజు నుంచి ఆ ఇల్లు ఇల్లులా లేదు. పొయ్యి దగ్గర పుస్తకం, బట్టల తీగ కింద పుస్తకం. రెండు రోజుల్లో అత్తగారు ఎనిమిది దిండ్లు తేల్చేసింది. భర్తకి కళ్ళద్దాల షాపు ఉంది. ఆయన ఒక డిటెక్టివ్ నవల షాపుకి పట్టుకుపోయి, మధ్యాహ్నం భోజనానికి ఉడికిపోతూ వచ్చాడు.

“ఈ రచయితకి బొత్తిగా ఏమీ తెలీదు. చదువుకునే అద్దాలు పెట్టుకున్నవాడు వీధి చివర మనిషిని ఎలా గుర్తుపట్టాడు? అలికినట్టు కనపడుతుంది అంతా!”

సాయంత్రం షాపు కట్టేసి, చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరిగెత్తుకొచ్చాడు. “అదే ఆధారమట! వాడు చూశానని అబద్ధం చెప్పాడు! వాడే హంతకుడు! ఇది పెట్టెయ్, మొదటిది ఇదే పెట్టెయ్!”

“చివర చెప్పేశావుగా, చచ్చినాడా!” అని అత్తగారు కొడుకు మీద చెంచా విసిరింది.

ఈలోగా సంగతి ఊళ్ళో పొక్కింది. నిన్నటిదాకా మెట్ల మీద ఎదురైతే పక్కకి తప్పుకుని పోయిన రచయితలు ఆమెకి నమస్కారాలు పెట్టడం మొదలెట్టారు. ఒక చారిత్రక నవలాకారుడు ముఖాముఖి ఎలాగూ తనదేనన్న ధీమాతో, చెవిలో పువ్వొకటి పెట్టుకుని దిగిన ఫొటోలు పదకొండు పంపించాడు. ఇంకో కథకుడు రోజుకి ఏడుసార్లు ఫోను చేసి ‘ఊరికే, మీ ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కుందామని’ అనేవాడు.

బయటివాళ్ళ సంగతి సరే. గురువారం పొద్దున్న అక్క మొగుడు దిగాడు. ఒక పెద్ద ఆఫీసులో ముప్పై ఏళ్ళు అర్జీలు చూసి రిటైరైన మనిషి. చంకలో ఆయన కొత్త కవితా సంపుటి ఉంది, పేరు ‘వెన్నెలకి వినతిపత్రం’.

“నీ జాబితాలో చోటు ఉందని కాదు, మరదలు పిల్లా. న్యాయంగా చూడు. బావ అని చూడకు. కానీ బావనని మర్చిపోకు కూడా.”

పుస్తకంలో అరవై నాలుగు కవితలున్నాయి. అన్నీ ‘ఓ’తోనే మొదలవుతాయి. ఓ వెన్నెలా, ఓ గాలీ, ఓ కోయిలా, ఓ నా పాత గొడుగా. ఆమె చదువుతుంటే అత్తగారు పదిహేనో దాని దగ్గర చెయ్యెత్తి ఆపేసింది.

“ఎవర్నీ పిలవకుండా ఉండలేడా ఈయన? వాళ్ళంతా పనులు మానుకుని రావాలా?”

బావ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. మొహం కందగడ్డయింది. అరసున్న గారు పుస్తకం మూసింది. అలవాటు ప్రకారం ఏదో గొణిగి తప్పించుకోవచ్చు. కానీ ఆ వారం ఆమె ఒంట్లో ఏదో పొంగుతోంది.

“బావగారూ, ఇది జాబితాలో పెట్టను. గొడుగు మీద రాసింది మాత్రం నిజంగా బాగుంది. ఆ ఓలన్నీ తీసేసి చూడండి, ఇంకో పది బాగుంటాయి.”

“ఓ తీసేస్తే కవిత్వం ఏముంటుంది?” అని ఆయన గొడుగు మర్చిపోయి మరీ వెళ్ళిపోయాడు. అరగంటలో అక్క ఫోను చేసింది. చెల్లెల్ని అనాల్సిన నాలుగూ అని, చివర్లో గొంతు తగ్గించి, “నిజం చెప్పినందుకు నీకు పుణ్యముంటుందే. ఇంట్లో నన్ను కూడా ‘ఓ సహచరీ’ అంటున్నాడు” అంది.

శుక్రవారానికి నలభై అయ్యాయి. తొమ్మిది నికరంగా తేలాయి. నలభై ఒకటోది సంచి అడుగున ఇరుక్కుని ఉంది. పల్చటి పుస్తకం, అట్ట మీద బొమ్మ కూడా లేదు. ‘మధ్యలో ఆగినవాళ్ళు’ అన్న కథలు. వెనక ఒకే ఒక వాక్యం: రచయిత్రి లిఫ్టులు బాగుచేస్తారు.

ఆమె దాన్ని ఆఫీసుకి వెళ్తూ బస్సులో, ఒంటి చేత్తో కమ్మీ పట్టుకుని తెరిచింది. మొదటి కథలో పక్కపక్క ఇళ్ళలో ఉంటూ పదకొండేళ్ళుగా మాటలు లేని ఇద్దరు పెద్దమనుషులు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టులో చిక్కుకుపోతారు. పైన మెకానిక్కు పనిచేస్తూ వాళ్ళ దగ్గులు వింటుంది. గంటసేపు ఒకరి దగ్గుకి ఇంకొకరు దగ్గుతోనే జవాబిచ్చుకుంటారు. చివరికి ఒకాయన “ఆ మిరియాల కషాయం మానేశారా ఏంటి?” అంటాడు. తలుపు తెరుచుకున్నాక ఇద్దరూ “ఉండమ్మా, ఇంకో అయిదు నిమిషాలు” అంటారు.

ఆమె బస్సులో పైకే నవ్వింది. పక్కావిడ కూడా, కారణం తెలీకుండానే నవ్వింది. తల ఎత్తి చూస్తే తన స్టాపు ఎప్పుడో పోయి, బస్సు చివరి స్టాపులో ఆగి ఉంది. అదే బస్సులో వెనక్కి వస్తూ మళ్ళీ దాటిపోయింది. అరవై పేజీలు గడిచినా పెన్సిలు సంచిలోంచి తియ్యలేదని ఆఫీసు మెట్లెక్కుతుంటే తట్టింది.

పుస్తకంలో ఉన్న నంబరుకి ఫోను చేసింది.

“ఏ బిల్డింగు?” అంది అవతలి గొంతు, హలో అయినా అనకుండా. “ఎన్నో అంతస్తులో ఆగింది?”

“ఆగలేదండీ, నేను పత్రిక నుంచి...”

“భయపడకండి. తలుపు బలవంతంగా లాగకండి. లోపల ఎంతమంది ఉన్నారు?”

“నేను ఎక్కడా ఇరుక్కోలేదమ్మా! మీ పుస్తకంలో ఇరుక్కున్నాను!”

అవతల ఏదో ఇనప సామాను కింద పడ్డ చప్పుడైంది. “నా పుస్తకమా? అది చదివారా? మొత్తం?” అని వినబడింది.

ముఖాముఖి అనేసరికి ఆవిడ ముందు వద్దంది. కుర్చీలో కూచోబెట్టి అడిగితే నోట మాట రాదనీ, చేతిలో పానా ఉంటే ఎంతైనా మాట్లాడతాననీ చెప్పింది. అందుకని శనివారం పదింటికి, పదకొండు అంతస్తుల బిల్డింగులో, అరసున్న గారు తలకి హెల్మెట్టు, నడుముకి బెల్టు, చేతిలో నోటుబుక్కుతో లిఫ్టు పెట్టె పైకప్పు మీద నిలబడింది. లిఫ్టు లోపల కాదు, నెత్తిన.

“కిందకి చూడకండి” అంది మెకానిక్కు. నలభై దాటిన మనిషి, చెంప మీద గ్రీజు చార. “పైకీ చూడకండి. నన్ను చూడండి.” బొత్తాం నొక్కింది. పెట్టె నత్తలా పైకి పాకింది. చీకటి గొట్టంలో తాళ్ళు సన్నగా మూలిగాయి. లిఫ్టుకి తూకంగా వేలాడే ఎదురు బరువు గోడ పక్కనుంచి పెద్ద ఇనప మంచంలా కిందకి జారిపోయింది. అరసున్న గారు నోటుబుక్కుని గుండెలకి హత్తుకుంది. భయమో ఆనందమో తేల్చుకోలేక, “అమ్మబాబోయ్, అమ్మబాబోయ్” అంటూనే ప్రశ్నలు వేసింది.

“ఎలా రాస్తారు?”

“రాయనండీ, వింటాను. తలుపు మూసున్నప్పుడు లిఫ్టు గొట్టంలో మనిషి ఉంటుందని ఎవరికీ తట్టదు. అదిగో, అయిదో అంతస్తు. వినండి.”

మూసిన తలుపు అవతల లిఫ్టు కోసం నిలబడ్డ ఒకాయన పెళ్ళాంతో చెప్పాల్సిన మాటలు పాఠంలా వల్లించుకుంటున్నాడు. “నువ్వు ముందు కోప్పడకు. కూచో. నీళ్ళు తాగు. మనింటికి ఒక చిలక వస్తోంది... కాదు కాదు. మనింటికి చిలకలు... రెండు. అబ్బా, రెండు అనకూడదు ముందే.”

అరసున్న గారు చీర కొంగు నోట్లో కుక్కుకుంది. మెకానిక్కు పెదాలు బిగించుకుంది. అవతలాయన మళ్ళీ మొదలెట్టాడు. “చూడు, ఒక చిలకకి తోడు లేకపోతే పాపం కాదూ?” ఇక ఆగలేదు. అరసున్న గారి నవ్వు ఆ గొట్టంలో పదకొండు అంతస్తులూ మోగింది.

“ఎవరది?” అన్నాడాయన హడలిపోయి.

“లిఫ్టు రిపేరండీ” అంది మెకానిక్కు గంభీరంగా. “మెట్ల మీంచి వెళ్ళండి. రెండో చిలక సంగతి భోజనమయ్యాక చెప్పండి.”

సోమవారం ఎడిటర్ కాయితాలు చూసి తల పట్టుకున్నాడు. “లిఫ్టు మెకానిక్కా? అచ్చేసిందే మూడొందల కాపీలా? ఆ నవలాకారుడికి నేను మాటిచ్చేశానండీ. పువ్వు ఫొటో ముఖచిత్రం కూడా అనుకున్నాం.”

పందొమ్మిదేళ్ళలో ఆమె ఎడిటర్‌కి ఎదురు చెప్పింది లేదు. “ఆయన నవల దిండండీ” అంది. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. “నలభై పేజీల దాకా రాజుగారు గుర్రం ఎక్కడు. మీరు ఈ మొదటి కథ ఒక్కటి చదవండి. నచ్చకపోతే పువ్వే వేసుకోండి.”

ఆయన నిలబడి తెరిచాడు. రెండో పేజీకి బల్ల అంచు మీద ఆనుకున్నాడు. ఫోను మోగితే చూడకుండానే కట్టేశాడు. చివరికి ఒక దగ్గు దగ్గి, అది కథలో దగ్గులాగే ఉండటంతో తానే నవ్వేశాడు. “వెయ్యండి. చెంప మీద ఆ గ్రీజు చెరపొద్దని ఆర్టిస్టుకి చెప్పండి.”

వసంత సంచిక వచ్చిన నాలుగో రోజుకి మూడొందల కాపీలూ చెల్లిపోయాయి. మెకానిక్కు ఫోను ఊపిరాడకుండా మోగుతోంది. పుస్తకం కావాలన్నవాళ్ళెవరో, నిజంగా లిఫ్టులో ఉన్నవాళ్ళెవరో ఆవిడకి తెలియడం లేదు. ఒకామె తలుపు తెరుచుకోక లోపల ఉండి, “తొందరేం లేదు, ముందు పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి” అందట. చారిత్రక నవలాకారుడు ఆఫీసుకి ఉత్తరం రాశాడు. అందులో ఆరు అచ్చు తప్పులున్నాయి. అరసున్న గారు వాటిని దిద్ది, మర్యాదగా తిప్పి పంపింది.

బావ పది రోజులు అలిగి, పదకొండో రోజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “ఈ లిఫ్టావిడ పుస్తకం ఒక కాపీ ఉంటే ఇయ్యి. కొనుక్కుందామంటే దొరకడం లేదు” అని అటూ ఇటూ చూశాడు. “మా ఇంట్లో ఓలు తీసే కార్యక్రమం నడుస్తోంది. ఇరవై దాకా తీశాను. మీ అక్క సంతోషంగా ఉంది.”

రెండో ముద్రణ ప్రూఫులు అరసున్న గారే చూసింది. వాటిని తీసుకెళ్ళడానికి ఒక ఆదివారం పొద్దున్నే మెకానిక్కే ఆమె ఇంటికి వచ్చింది. తలుపు చాటుగా నిలబడి, కూచోమంటే కుర్చీ అంచున కూచుని, నిజంగానే ఒక్క మాటా మాట్లాడలేకపోయింది. అత్తగారు ఆవిణ్ణి తేరిపార చూసి, గుసగుసగా కోడలితో, “పిల్లకి చేతిలో ఏదైనా పెట్టవే” అంది. మూడు నెలలుగా ఊగుతున్న స్టూలూ, పానా తెచ్చి ముందు పెట్టారు. ఆవిడ మొహం వెలిగిపోయింది. స్టూలు తిరగేసి నేల మీద బైఠాయించింది.

“లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళ కథలేనా నువ్వు రాసేది?” అంది అత్తగారు, కుర్చీ దగ్గరికి జరుపుకుని. “యాభై ఏళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, నేనూ మా మావగారూ స్టోరు గదిలో ఉండగా ఎవరో చూసుకోక తాళం వేసి పోయారు. మూడు గంటలు. ఆయన ఎదట తల ఎత్తి మాట్లాడి ఎరగను. అంతలో ఆయన ఏం చేశాడనుకున్నావ్? ఈల వేశాడు!”

“ఈలా?” అంది మెకానిక్కు. పానా కింద పెట్టేసి జేబులో పెన్సిలు ముక్క కోసం వెతుక్కుంది.

“అమ్మా, ఇది నాకెప్పుడూ చెప్పలేదే!” అన్నాడు కొడుకు.

“నువ్వెప్పుడు విన్నావు గనకా?” అని అత్తగారు పెదాలు సున్నా చుట్టి, డెబ్బై రెండేళ్ళ వయసులో, ఆ ఈల వేసి చూపించింది. వంటింటి గుమ్మంలో అరసున్న గారు కాఫీ గ్లాసులతో నిలబడి నవ్వుతోంది. గ్లాసులు ఒలికిపోతున్నా ఆమె పట్టించుకోలేదు.