పెంచలమ్మకూ వినిపించింది

నెల్లూరు నుంచి మైపాడు పోయే బస్సును హెబ్రోను తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాడు. 1961 వానాకాలంలో అతనికి మలేరియా వచ్చింది. పది రోజులు మంచాన పడి, క్వినైను మాత్రలు మింగి లేచాడు. జ్వరం పోయింది గానీ ఆ మాత్రల వల్ల చెవుల్లో హోరు మిగిలింది. నాలుగైదు రోజులకు అదీ తగ్గిందనుకున్నాడు.

మళ్లీ బస్సెక్కిన మూడో రోజు, బస్సు వేగం అందుకోగానే ఎక్కడో సన్నగా మూలుగు మొదలైంది. కండక్టరు చెంగయ్యను అడిగాడు.

"ఏమన్నా శబ్దం వస్తా ఉండాదా?"

"బస్సన్నాక శబ్దం రాకుండా ఉంటదా అన్నా?" అని వెనక తలుపు దగ్గర నుంచే కేక వేశాడు చెంగయ్య.

హెబ్రోను మరి అడగలేదు. ఆ మూలుగు తన చెవిలోదేనేమో. చెవి చెడిందని తెలిస్తే ఎవరూ స్టీరింగు చేతికివ్వరు. తనతోపాటు లైసెన్సు తీసుకున్న సమాధానం అనే స్నేహితుడు అలాగే ఉద్యోగం పోగొట్టుకుని సైకిళ్లకు పంక్చర్లు వేసుకుంటున్నాడు. బస్సు ఆగితే మూలుగూ ఆగుతోంది, నిజమే. ఆ సంగతి ధైర్యమివ్వాల్సింది. కానీ జ్వరం తర్వాత తన చెవిని తనే నమ్మలేకపోయాడు. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే అతను చెవిలోకే వింటూ కూర్చున్నాడు. ఉన్నట్టూ అనిపించింది, లేనట్టూ అనిపించింది. అన్నం సయించలేదు. భార్య కరుణాకుమారి జ్వరం తిరగబెట్టిందేమోనని రోజూ నుదురు తాకి చూసేది.

బుధవారం ఉదయం పెంచలమ్మ ఎక్కింది. ఇందుకూరుపేట నుంచి వంకాయలు తెచ్చి నెల్లూరులో అమ్ముకుని, పది గంటల బస్సుకు ఖాళీ గంపతో తిరిగిపోయే మనిషి. ఎడమవైపు ముందు సీటు ఆమెది. బస్సు ఊరు దాటగానే అంది:

"హెబ్రోనన్నా, నీ బస్సుకేమైంది? కాళ్ల కింద తిరగలి తిప్పతా ఉన్నట్టుండాది."

హెబ్రోను రోడ్డు మీది చూపు తిప్పి ఆమెను చూశాడు.

"నీకు వినపడతా ఉండాదా?"

"వినపడకేం, నాకేమన్నా చెవుడా? నాలుగు దినాలుగా వింటానే ఉండా. అరికాళ్లకు కూడా తెలస్తా ఉండాది."

బస్సు ఆపి ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది. "స్తోత్రం ప్రభువా" అని లోపలే అనుకున్నాడు. పది రోజులుగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. అప్పుడు గానీ అతనిలోని డ్రైవరు మేలుకోలేదు.

"కాళ్లు అట్నే పెట్టుకోని ఉండు తల్లీ. ఎక్కువైతే చెప్పు, తగ్గితే చెప్పు."

క్లచ్చి తొక్కి గేరు తీసేశాడు. ఇంజను గొంతు దిగింది. బస్సు తన ఊపు మీద తను దొర్లుతోంది.

"ఇప్పుడు?"

"అట్నే ఉండాది."

అయితే ఇంజనూ కాదు, గేర్‌బాక్సూ కాదు. చక్రాలతోపాటు తిరిగేదేదో అరుస్తోంది. ముందున్న కాలవ దగ్గర రోడ్డు కుడికి తిరిగింది. బస్సు బరువు ఎడమకు ఒరిగింది.

"ఎక్కువైందన్నా! గరగరలాడతా ఉండాది!"

తర్వాతి మలుపు ఎడమకు.

"తగ్గింది."

ఎడమవైపు బరువు పడినప్పుడల్లా ఆమె కాళ్ల కింద అరుస్తోందంటే అది ఎడమ ముందు చక్రం బేరింగే. బస్సంతా మాటలు మాని వింటోంది. "అవునవును, మాకూ వినపడతా ఉండాది" అన్నారు నలుగురైదుగురు. వాళ్లలో చెంగయ్యా ఉన్నాడు.

ఎద్దుబండి నడకతో ఇందుకూరుపేట చేర్చి, అందర్నీ దించేశాడు హెబ్రోను. చక్రం మధ్యన చేయి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాడు. సెగ. కుడి చక్రం గోరువెచ్చగా ఉంది. జాకీతో బస్సునెత్తి ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పితే ఇసక నలిగినట్టుంది. పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలింది. చెంగయ్య ఎదురు బస్సులో నెల్లూరు పోయి కొత్త బేరింగునూ మెకానిక్కునూ తీసుకొచ్చాడు. పాతది విప్పితే గ్రీజు మాడి నల్లబడి ఉంది. రోలర్లు పొక్కులు లేచి ఉన్నాయి.

"ఇంకో రెండు దినాలు నడిపుంటే చక్రమే ఊడిపొయ్యేది" అన్నాడు మెకానిక్కు.

హెబ్రోను నవ్వాడు.

"ఇదేమన్నా నవ్వే మాటా?" అన్నాడు మెకానిక్కు విస్తుపోయి.

సాయంత్రం ట్రిప్పులో మూలుగు లేదు. పరీక్షకని వేగం పెంచి చూశాడు, మలుపుల్లో చెవి ఒగ్గి చూశాడు. లేదు.

ఇంటికెళ్లి కరుణాకుమారికి మొదటినుంచీ చెప్పాడు. ఆమె విని ముందు మండిపడింది.

"ఇన్ని దినాలు కడుపులో పెట్టుకోని తిరిగినావా? నాతో చెప్పకూడదా?"

"చెప్తే నిజమైపోతాదని భయమేసింది."

ఆమె కళ్లు తుడుచుకుని, శనివారం ఆసుపత్రికి పోయి ఎందుకైనా మంచిది చెవి చూపించుకుందామంది. అతను సరేనన్నాడు. కంచం ముందు కూర్చుని పులుసు రెండోసారి పోయించుకున్నాడు. మూడోసారి ఆమె అడక్కుండానే పోసింది.