పది అడుగుల నొప్పి

అర్ధవీడు మండలంలో, అడవి అంచున ఉన్న ఒక పల్లెలో మాల్యాద్రికి నూరు దాకా గొర్రెలుండేవి. తండ్రి చేతి నుంచి వచ్చిన మంద. యాభై దాటినా రోజుకు నాలుగైదు కోసులు నడిచి, పొద్దు గూకే వేళకు మందను దొడ్డికి తోలి, కర్ర గోడకానించి, ఏమీ జరగనట్టు కూర్చునే మనిషి. ముల్లు గుచ్చుకుంటే నిలబడకుండానే పీకి పారేసేవాడు. ఒళ్ళు నొప్పులని మూలిగేవాళ్ళంటే అతనికి లెక్కలేదు.

అతని భార్య పోలమ్మకు రెండేళ్ళ కిందట కుడి మడమలో నొప్పి మొదలైంది. తెల్లవారి మంచం దిగి కాలు కింద మోపగానే మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని, మునివేళ్ళ మీద ఒరుగుతూ పది అడుగులు వేసేది. ఆ పదీ దాటాక నొప్పి కాస్త సర్దుకునేది. దొడ్డి ఊడ్చి, గొర్రెపిల్లలను తల్లుల దగ్గర పాలకు వదిలి, సంగటి కెలికి, మామూలుగానే తిరిగేది. మళ్ళీ కాసేపు కూర్చుని లేస్తే అదే వరస. సాయంత్రానికి మడమ కింద నిప్పులు పోసినట్టుండేది. అయితే అప్పటికే ఆమె పొద్దంతా తిరిగిన మనిషి గదా, ఆ మాట ఎవరు నమ్ముతారు?

మాల్యాద్రికి అక్కడే అనుమానం వచ్చింది. మందలో కుంటి గొర్రెను అతను ఎన్నిసార్లు చూడలేదు? పొద్దున కుంటేది సాయంత్రానికి ఇంకా ఎక్కువ కుంటుతుంది. నడిస్తే తగ్గే నొప్పి ఎక్కడైనా ఉందా? పని మొదలయ్యే వేళకు వచ్చి, పని నడుమ పోయే నొప్పి నొప్పి కాదు, నెపం అనుకున్నాడు. మొదట్లో “నాలుగడుగులేస్తే అదే పోతాదిలే” అనేవాడు. పోనుపోను అది ఎగతాళి అయింది. ఆమె గోడ పట్టుకోగానే మంచంలో పడుకునే “ఒకటి, రెండు, మూడు” అని లెక్కపెట్టేవాడు. పది రాగానే పోయిందా అని నవ్వేవాడు. పక్కింట్లో ఉండే తమ్ముడి భార్య లక్ష్మీకుమారి కూడా ఒకటి రెండుసార్లు నవ్వింది. కొన్నాళ్ళకు పోలమ్మ అతను లేవకముందే లేచి, ఆ పది అడుగులూ ఎవరూ చూడకుండా వేసుకోవడం అలవాటు చేసుకుంది.

ఎవరో చెబితే ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి మడమతో తొక్కింది. చర్మం కమిలింది గానీ నొప్పి పోలేదు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన బిళ్ళలిస్తే కడుపులో మంట వచ్చింది. మార్కాపురం పోయి చూపించుకుంటానని రెండుసార్లు అడిగింది. మందలో ఈతలు కానీ అన్నాడు మాల్యాద్రి ఒకసారి. వానలు పడనీ అన్నాడు ఇంకోసారి. మూడోసారి ఆమె అడగలేదు.

ఆ ఏడు మాఘమాసంలో మంద బాగా ఈనింది. అప్పుడే గిద్దలూరులో, చనిపోయిన మాల్యాద్రి మేనమామ పెద్దదినం వచ్చింది. మందను వదిలి ఇద్దరూ పోలేరు గనుక అతనొక్కడే పోయి, ఆ పూటకు అక్కడే ఉండిపోయాడు. మర్నాడు తెల్లవారుతుండగా ఊరకుక్కలు ఐదారు కలిసి, ముళ్ళకంప తోసుకుని గొర్రెపిల్లల దొడ్డిలో పడ్డాయి. పోలమ్మ మంచం మీది నుంచి దూకింది. లక్ష్మీకుమారి ఇంటి వాళ్ళు కర్రలతో వచ్చేసరికి ఆమె దొడ్డికి ఇవతల బండల మీద బోర్లా పడి, మోచేతులతో ముందుకు పాకుతూ ఉంది.

కంభంలో ఆటో ఎక్కి మాల్యాద్రి ఇల్లు చేరేసరికి బారెడు పొద్దెక్కింది. చచ్చిన పద్నాలుగు గొర్రెపిల్లల్ని గోనెపట్టా మీద వరసగా పడుకోబెట్టారు. వాటి తల్లులు దొడ్డిలో ఆగకుండా అరుస్తున్నాయి. పోలమ్మ కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. కాలు మోపగానే పడిపోయిందని జనంలో ఎవరో చెప్పారు.

“పది అడుగులేస్తే పోయే నొప్పికి పద్నాలుగు పానాలు తీసినావు” అన్నాడు మాల్యాద్రి, అందరి ముందు.

లక్ష్మీకుమారే, “చెయ్యి ఇరిగింది బావా. ముందు ఆయమ్మను ఆస్పత్రికి తీస్కపో” అంది. అప్పుడు చూశాడు, మణికట్టు కుండలా వాచి ఉంది.

మార్కాపురం ఆస్పత్రిలో చేతికి కట్టు వేశారు. చాలాసేపు కూర్చున్న పోలమ్మ లేచి కాలు మోపలేక బల్ల పట్టుకోవడం చూసి, డాక్టరు ఆమెను ఫిజియోథెరపీ గదికి పంపాడు. అక్కడ రమ్య అనే అమ్మాయి పోలమ్మ పాదాన్ని తన ఒళ్ళోకి తీసుకుని, మడమ లోపలి అంచున బొటనవేలితో నొక్కింది. పోలమ్మ పళ్ళు బిగబట్టింది.

“పొద్దున లేవంగానే మొదటి అడుగే బాగా నొప్పి చేస్తాదా అమ్మా? కొంచెం నడిస్తే సర్దుకుంటాదా?” అని అడిగింది రమ్య.

పోలమ్మ మొగుడి వైపు చూసింది. అవునన్నట్టు అతనే తల ఊపాడు.

ఈ నొప్పికి అదే గుర్తు అంది రమ్య. మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద గట్టి పట్టీ లాంటిది ఉంటుందట. బండల మీద ఉత్త కాళ్ళతో, అరిగిపోయిన చెప్పులతో ఏళ్ళ తరబడి తిరిగితే అది మడమ దగ్గర దెబ్బతింటుంది. పడుకున్నప్పుడు బిగుసుకుంటుంది, మొదటి అడుగుకు ఒక్కసారిగా లాగేస్తుంది. నడిచే కొద్దీ సాగుతుంది గనుక తగ్గినట్టుంటుంది గానీ, లోపల పుండు పుండుగానే ఉంటుంది. మంచం దిగకముందే తువ్వాలు మునివేళ్ళకు వేసి ముప్పై లెక్కపెట్టేదాకా ఒంటివైపు లాగాలి, అట్లా మూడుసార్లు. గోడకు చేతులానించి పిక్కలు సాగదీయాలి. చల్లటి నీళ్ళ సీసా అరికాలి కింద దొర్లించాలి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు లేకుండా కాలు కింద పెట్టకూడదు. కొన్నాళ్ళు మంద వెంట పోకూడదు. నాలుగైదు నెలలు ఓపిక పట్టాలి.

“పోయినేడే వచ్చుంటే?” అని అడిగాడు మాల్యాద్రి.

“ఈపాటికి తగ్గిపోయుండేది పెద్దాయనా. ఇదేం పెద్ద రోగం కాదు.”

పెద్ద రోగమైతే మాల్యాద్రి తలరాత అనుకుని ఊరుకునేవాడు. ఇది అట్లా అనుకోవడానికి లేకపోయింది.

కుడిచేతికి కట్టు ఉంది గనుక తువ్వాలు పోలమ్మ లాగలేదు. రోజూ తెల్లవారి మంచం మీద, ఆమె పక్కనే, మాల్యాద్రి కూర్చునేవాడు. మొదటి రోజు తువ్వాలు బిగించి, “ఒకటి, రెండు” అన్నాడో లేదో ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

“లెక్క పెట్టబాక” అంది.

అప్పటి నుంచి మనసులోనే లెక్కపెట్టుకున్నాడు. ఆమె మొహం గోడవైపు తిప్పుకుని పడుకునేది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి గొర్రెల పొదుగులు గట్టిపడితే అతనే పిండి, ఆ పాలు పారబోసి వచ్చేవాడు.

మూడోవారంలో ఒక పొద్దున, తువ్వాలు పట్టుకునే, “తప్పైపోయిందే” అన్నాడు. ఆమె గోడకు చెబుతున్నట్టు చెప్పింది.

“మంచం దిగంగానే పడినా. అప్పుడు చెయ్యి ఇరగలా. పది అడుగులే గదా, యేస్తే పోతాదని నువ్వనే మాటే అనుకున్యా. లేసి నడిసినా. పిల్లలు అరస్తావుంటే లెక్కపెట్టుకుంటా నడిసినా. ఏడో అడుగుకు మళ్ళా పడినా. చెయ్యి అప్పుడిరిగింది.”

అతని చేతిలో తువ్వాలు వదులైంది. మళ్ళీ బిగించాలని కూడా తోచలేదు. ఆమే గుర్తు చేసింది, ఇంకా రెండుసార్లు ఉందని.

ఆరు వారాలకు కట్టు విప్పారు. మర్నాడు తెల్లవారి అతను లేచి కూర్చునేసరికి పోలమ్మ మంచం మీద కాలు చాపుకుని, తువ్వాలు తన రెండు చేతులతోనే లాక్కుంటూ ఉంది.

“చెయ్యి వచ్చింది. ఇంక నువ్వు లేయబల్లేదు” అంది.

రమ్య చెప్పినవన్నీ ఆమె ఒక్కపూట తప్పకుండా చేసింది. ఎండలు ముదిరేసరికి మొదటి అడుగు నొప్పి సగానికి తగ్గింది. ఏటా ఆ రోజుల్లో మేత కోసం మందను గుంటూరు వైపు తోలుకుపోవడం, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోవడం వాళ్ళ ఆనవాయితీ. ఈసారి రానని చెప్పింది. కాలు కోసమేనా అని అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. పక్కూరి యల్లయ్యను తోడు తీసుకుని పోయాడు. సాయంత్రాలు ఫోను చేస్తే గొర్రెల సంగతి అడిగేది, అంతవరకే మాట్లాడి పెట్టేసేది.

తొలకరికి మంద తిరిగొచ్చింది. దుమ్ము చూసి పోలమ్మ మెత్తటి చెప్పులతో వడివడిగా ఎదురొచ్చింది. నడకలో కుంటు ఎక్కడా లేదు. గొర్రెల మధ్యకు పోయి ఒక్కొక్కదాన్నీ తడిమి చూసుకుంది. మాల్యాద్రి వెనక నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక అతనికి పళ్ళెంలో సంగటి పెట్టి, చెంబుతో నీళ్ళు పక్కన పెట్టి, పడుకోవడానికి లక్ష్మీకుమారి ఇంటికి వెళ్ళిపోయింది. వేసవంతా ఆమె మంచం అక్కడే ఉందని అతనికి అప్పుడు తెలిసింది.