అట్ట వద్దన్న పటం

కళ్యాణదుర్గంలో ఇరవై ఏళ్లుగా పటాలు కడుతున్నాను. నాకు పని నేర్పబోయేవాళ్లంటే ఒళ్లు మంట.

ముసలామె బయమ్మ తన నాయన దాచిన రంగుల కాగితం బొమ్మ పటం కట్టమని తెచ్చింది. ఎండిపోయిన దిగుడుబావి, ఖాళీ మెట్లు, అంతే. ఎండకు ఎత్తి పట్టుకుంటే మాత్రం బావి నిండా నీళ్లు. ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న చిన్నపిల్ల.

"రెండు పక్కలా అద్దమే ఎయ్యప్పా. వెనక అట్ట మాత్రం ఎయ్యొద్దు" అని మరీ మరీ చెప్పిపోయింది.

అట్ట లేని పటం ఎవడు కడతాడు? మందపాటి అట్ట పెట్టి మేకులు కొట్టేశాను.

పొద్దున అంగడి తెరిచేసరికి, ఎండకు ఎత్తకుండానే పిల్ల కనబడింది. ఎండిన బావిలో, నడిమి మెట్టు మీద నిలబడి ఉంది. మధ్యాహ్నానికి పై మెట్టెక్కింది.

అప్పుడే వచ్చిన బయమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎంత పని చేస్తివప్పా! వెనకనుంచి వెలుతురు పడితేనే గదా ఆ పాపకు నీళ్లు దొరికేది!"

గబగబా అట్ట పీకి, పటాన్ని ఎండకు ఎత్తాను. బావి నిండా నీళ్లున్నాయి. పిల్ల లేదు.

నా వెనక, మూలనున్న నీళ్ల కడవ మీది మూత కింద పడి గిరగిరా తిరిగింది.