మందునీళ్లు

తన శుభ్రమే కొడుకు ఊపిరి తీసిందా అన్న అనుమానం ఆవిరమ్మను రాత్రింబవళ్లు తొలుస్తోంది. రోజూ దేవుడి ముందు చేతులు జోడించి అడుగుతుంది. ఆయన వింటాడు, అంతే.

ఆస్పత్రిలో ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ ఆవిరిపెట్టెలో పెట్టి శుద్ధి చేసే పని ఆవిడది. ఆ పేరు అలా వచ్చిందే. పనిలో చేరిన కొత్తలో, కుట్టు చీముపట్టి ఒక బాలింత కళ్లముందే పోయింది. కంటికి కనిపించని క్రిమి అంటే అప్పట్నుంచీ ఆవిడకి హడల్. కొడుకు పుట్టాక ఇంటినే ఆస్పత్రి చేసింది. నేలంతా క్రిముల్ని చంపే మందునీళ్లతో తుడిచేది. పాలసీసా సరే, చెక్కగుర్రాన్ని కూడా మరగబెట్టింది. అది కాస్తా రెండు ముక్కలైంది. పిల్లాణ్ణి మట్టిలో అడుగు పెట్టనిస్తే ఒట్టు.

పెరటిగోడకి అవతల భర్త అక్కగారి పశువుల కొట్టం. పిల్లల్లేని మనిషి. పాలు పితికి, చేతులు కడుక్కుని, గుమ్మంలో నిలబడేది.

"ఒక్కసారి ఎత్తుకోనియ్యవే."

"పశువుల వాసన వదినా. తలస్నానం చేసి, మందునీళ్లతో చేతులు కడుక్కుని రండి."

"నీ కొడుకున్నది ఊయల్లోనా, గర్భగుడిలోనా?" అని నవ్వేది వదిన. అన్నీ చేసి వచ్చినా "ఇవాళొద్దులెండి" అనిపించుకునేది. మందునీళ్లకి చేతులు పగిలాయి. చివరికి గుమ్మం తొక్కడం మానేసి, గోడ మీంచే దెప్పేది: "ఒకసారి ఎత్తుకోవడం బాకీ ఉన్నావే నాకు!"

పిల్లాడికి నడక రాకముందే ఒళ్లంతా దద్దుర్లు, ఆ తర్వాత ఉబ్బసం. గడ్డినుసి తగిలితే చాలు, ఎగశ్వాస. పెద్దవాడయ్యాడు, పెళ్లయింది. కూతురు పుట్టిన నెలకే, ఆయాసం ముదిరి పోయాడు.

మనవరాలికి టీకా వేయించినరోజు ఆవిరమ్మ డాక్టరమ్మని అడిగేసింది. "వాడు నా వల్లేనా అమ్మా పోయింది?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "పసితనంలో మట్టి, పశువులు, పదిమంది మనుషుల మధ్య పెరిగిన పిల్లల్లో ఉబ్బసం తక్కువని చాలాచోట్ల చూశారు. రకరకాల క్రిములు తగులుతుంటే ఎవరు శత్రువో, ఎవరు కాదో ఒళ్లు అప్పుడే నేర్చుకుంటుందంటారు. అంతమాత్రాన మీ అబ్బాయికి అందుకే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. వంశంలోనే ఉండొచ్చు. సబ్బూ టీకాలూ మానొద్దు. మనుషుల్ని మాత్రం దూరం పెట్టకండి."

కాదని ఉంటే బతికిపోయేది. అవునని ఉంటే ఏడ్చి ఊరుకునేది. రెండూ కాని మాట మోసుకుని వచ్చింది ఆవిరమ్మ.

పాపని చంకనేసుకుని నేరుగా కొట్టానికి నడిచింది. గుమ్మంలో కాళ్లు ఆగిపోయాయి. లోపల ఎండపొడలో గడ్డినుసి తేలుతోంది. కొడుకుని ఎన్నిసార్లు గిలగిల్లాడించిన నుసి అది! దీనికీ అలాగే అయితే?

వదిన నెరిసిన తలెత్తి చూసింది. కుళాయి దగ్గరికెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. తడిచేతులు ఎత్తి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"మందునీళ్లు తెచ్చావుటే?"

దెప్పడం కాదు, నిజంగానే అడిగింది.

"ఆ సబ్బు చాలు వదినా. వాణ్ణయితే మీ చేతికివ్వలేదు..."

"ఇప్పుడవన్నీ ఎందుకే. ఇటియ్యి. మెడ జాగ్రత్త."

పాప చేతులు మారింది. గడ్డివాసన కొట్టే కొంగును గుప్పిట పట్టి నోట్లో పెట్టుకుంది. ఆవిరమ్మ చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. కాసేపు గాల్లో ఆగి, వెనక్కొచ్చింది.

"బాకీ తీరిందిలేవే" అంది వదిన, పాప తలమీద గడ్డం ఆనించి.