రాళ్ల చాటున చూసిన మనిషి

మాచర్లలో వెలసిన చెన్నకేశవా! చెప్పదగిన మాటను నాలుకపై నిలుపు, దాచదగిన దానిని హృదయంలోనే ఉంచు. నీ పాదాలకు మ్రొక్కి ఈ కథ చెబుతున్నాను.

శివనాగరాజు దుర్గి శిల్పుల ఇంటి బిడ్డ. ఉలి పట్టినవాడు రాతికి ముఖం ఆనించి పని చేస్తాడు. ఉలి వదిలి సినిమా కథలు రాసే శివనాగరాజు మనుషులకు అంత చేరువగా కూర్చునేవాడు. యుద్ధాలు, ఊరేగింపులు అతనికి పట్టవు. ఒక మనిషి, ఆ మనిషి ఎవరికీ చెప్పని ఒక మాట. అతని కథకు అది చాలు.

ఈసారి ఆ మాట, తల్లిలేని తనను పెంచిన మేనత్త మస్తానమ్మది. ఆమె భర్త క్వారీ గుంతలో జారిపడి చనిపోయాడని లోకం నమ్మింది. వెనుకనుండి తోసినవాణ్ణి ఆమె రాళ్ల చాటునుండి చూసింది. నోరు విప్పితే తన ప్రాణం దక్కదని ఎరిగి ఏళ్లతరబడి మిన్నకున్నది. మేనల్లుడికి అంతా చెప్పింది, ఆ తోసినవాడి పేరు తప్ప.

శివనాగరాజు కథలో ఊరు మార్చాడు, పేర్లు మార్చాడు. ఆమె చెప్పిన చిన్న చిన్న వివరాలను మాత్రం మార్చలేదు. కథకు ప్రాణం అక్కడే ఉంటుందని అతని నమ్మకం.

గురజాలలో బ్రహ్మాజీ అనే పెద్దరైతు తన మేడను షూటింగుకు ఇస్తానన్నాడు, ముందు కథ వినిపించమన్నాడు. సినిమావారి ఆనవాయితీ ప్రకారం శివనాగరాజు కాగితం ముట్టకుండా, అభినయిస్తూ చెప్పాడు. కథలో, తోసినవాడు గుంత అంచున చెప్పులు విప్పి, భుజం మీది కండువాతో దులిపి, మళ్లీ తొడుక్కున్నాడు.

బ్రహ్మాజీ కోడలు జ్యోతిర్మయి పకపకా నవ్వింది.

"అచ్చం మా మామయ్యే! కండువాతో చెప్పులు దులిపే మనిషి ఈ పల్నాడు మొత్తానికి ఈయనొక్కడే. ఏందన్నా, మా ఇంట్లో కెమెరా పెట్టావా?"

శివనాగరాజు నవ్వబోయి ఆగిపోయాడు. బ్రహ్మాజీ నవ్వలేదు, కోపించనూ లేదు.

"లోపలికి పోమ్మా, కాఫీ సంగతి చూడు" అని కోడలిని పంపాడు. "కథ చానా బాగుందిరా అబ్బాయ్. ఆ రాళ్ల చాటున చూసిందే, ఆడమనిషి, ఆఖరికి బతికుంటదా?"

"ఆఖరు ఇంకా రాయలేదండీ."

"రాయమాక. నేను చూసుకుంటాలే. మీ మామ పోయినాక కూడా మీ అత్త దుర్గిలోనే ఉంటందిగా?"

జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగి డ్రైవరును కేకేశాడు. "ఒరేయ్, బండి తియ్!"

శివనాగరాజు మస్తానమ్మకు ఫోన్ చేశాడు.

"అత్తా, ఇంట్లో ఉండమాక. పక్కింటికి పో. బ్రహ్మాజీ వస్తన్నాడు."

మస్తానమ్మ గొంతు తగ్గించింది.

"ఆ పేరు నేను నీకు చెప్పలేదే! ఎవరితో అన్నావురా ఈ మాట?"

"ఆయనతోనే అత్తా."

ఈ కథ విన్నవారి గడపలను కేశవుడు కాయుగాక. మిమ్మల్ని నమ్మి చెప్పినవారి మాట మీ గుండెలో పదిలంగా ఉండుగాక.